ఔట్‌గేటు దగ్గరి థీసిస్ బైండింగు దుకాణం: ఒక పరిశోధకురాలి సమీక్ష

ఆంధ్ర విశ్వవిద్యాలయం ఔట్‌గేటు దాటాక, జిరాక్స్ దుకాణాల వరుస ముగిసే సందులో, సిద్ధాంత గ్రంథాలను టైపు చేసి, ప్రింటు తీసి, బైండింగు చేసి ఇచ్చే ఒక చిన్న దుకాణం ఉంది. ముందు గదిలో రెండు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు ఉంటాయి; వెనుక గదిలో కటింగ్ మిషను, ఇనుప ప్రెస్సు, జిగురు గిన్నెలు, రెక్సిన్ చుట్టలు ఉంటాయి. దుకాణం పేరు రాయవద్దని యజమాని కోరారు. గడువులు దగ్గరపడే నెలల్లో ఇప్పుడున్న పనే చేతికి మించి ఉంటుందని, కొత్తవారు వచ్చి ఆలస్యానికి బాధపడటం తనకు ఇష్టం లేదని ఆయన చెప్పారు. ఆ కోరికను మన్నించి పేరు లేకుండానే రాస్తున్నాను. ఏళ్ళ తరబడి పరిశోధన చేసి చివరి మెట్టు దగ్గరకు వచ్చినవారు ఇలాంటి చోట ఏ పని అడగాలో, ఏ పనికి ఒప్పుకోకూడదో చెప్పే రాత నాకు అవసరమైన రోజున ఎక్కడా దొరకలేదు.

నేను భీమునిపట్నం మండలంలో ప్రభుత్వ పాఠశాల తెలుగు ఉపాధ్యాయినిని. ఉద్యోగం చేసుకుంటూనే పెదజాలరిపేట నుంచి భీమిలి వరకు తీరం వెంబడి మత్స్యకారుల వృత్తి పదాలను సేకరించి, వాటి మీద పిహెచ్.డి. చేశాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో సరంగులు (బోటు నడిపేవారు) ఒడ్డునే కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. నా వేసవి సెలవులు కూడా దాదాపు అప్పుడే రావడం వల్ల అలివి వలకూ కవ్వల వలకూ ఉన్న తేడా మొదలు వల తేలడానికి కట్టే బెండ్ల వరసలకు పెట్టుకున్న పేర్ల వరకు వారి నోటనే విని రాసుకోగలిగాను. ఈ దారి నేను కనిపెట్టింది కాదు. ఇదే విశ్వవిద్యాలయంలో తెలుగు చదివిన భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వచ్చింది. రైతు నోటి మాటకు శాస్త్ర గౌరవం ఉందని నా తరానికి నేర్పినది ఆ పుస్తకమే. మహిళా పరిశోధకులకు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు ఇచ్చే రెండేళ్ళ అదనపు గడువును కూడా వాడుకున్న తరువాత, ఒక జులై నెలలో, చేతిరాత సవరణలతో నిండిన 312 పేజీల కట్ట పట్టుకుని ఈ దుకాణం మెట్లు ఎక్కాను.

యజమాని నన్ను అడిగిన మొదటి ప్రశ్న పేజీల సంఖ్య గురించి గాని, గడువు గురించి గాని కాదు. "ఇది ఎవరు చదవాలమ్మా?" అన్నారు. పరీక్షకులు చదువుతారని చెప్పాను. "వాళ్ళ తరువాత?" అని మళ్ళీ అడిగారు. ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ఆయన ఆ ప్రశ్నను మాట వరసకు అడగలేదని, టైపు చేసే ఖతి (ఫాంటు) నుంచి అట్ట దాకా ప్రతి నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంటుందని పని సాగేకొద్దీ తెలిసింది.

మొదట టైపు సంగతి చెప్పాలి. తెలుగు డీటీపీ పని చాలా ఏళ్ళుగా పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే పేరున్న ఖతులలో నడిచింది. అచ్చు పుస్తకానికి అవి చక్కగా సరిపోతాయి. అయితే యూనికోడ్ (ప్రతి అక్షరానికీ కంప్యూటర్లన్నీ గుర్తించే ఒకే సంకేతం ఇచ్చే ప్రమాణం) పాటించని పాత ఖతులలో కూర్చిన పాఠాన్ని కంప్యూటరు తెలుగుగా గుర్తించదు. పేజీ మీద అక్షరం తెలుగులాగే కనిపిస్తుంది, వెదికితే మాత్రం దొరకదు. పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని యూజీసీ 2009 నిబంధనలు చెప్పిన నాటి నుంచి మన గ్రంథాలు శోధ్‌గంగ అనే జాతీయ ఆన్‌లైన్ భాండాగారంలో చేరుతున్నాయి. అక్కడ చేరిన తెలుగు గ్రంథంలో ఒక మాటను వెదికి పట్టుకోలేకపోతే, రేపటి పరిశోధకుడికి అది తాళం వేసిన బీరువాతో సమానం. అందుకే ఈ దుకాణంలో తెలుగు గ్రంథాలన్నీ యూనికోడ్‌లోనే కూరుస్తారు. నేను వేరే చోట పాత ఖతిలో టైపు చేయించిన మూడు అధ్యాయాలను వీరు మార్చి ఇచ్చారు. మార్పిడిలో ఒత్తులు చెదిరిన చోట్లను అక్కడ పనిచేసే అమ్మాయి మూలంతో పోల్చి ఒక్కొక్కటిగా సరిచేసింది.

నా గ్రంథానికి ఇంకొక చిక్కు ఉంది. తీరంలో 'తెరౘాప' అనే మాటలో వినిపించే దంత్య ౘకారాన్ని (పళ్ళ దగ్గర పలికే చకారాన్ని) మామూలు చకారంతో రాస్తే ఉచ్చారణ మీద నేను చేసిన చర్చ అంతా వృథా అవుతుంది. ౘ, ౙ అక్షరాలకు యూనికోడ్‌లో 2008 నుంచి స్థానం ఉంది, అయినా అవి ఉండని ఖతులు చాలా ఉన్నాయి. ఆ అమ్మాయి నాలుగు ఖతులలో ఆ రెండు అక్షరాలను ప్రింటు తీసి, ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టి నన్నే ఎంచుకోమంది. భాషాశాస్త్రం చదవని వ్యక్తి ఒక అక్షరం కోసం అంత ఓపిక పట్టడం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఆమె వాణిజ్యశాస్త్రంలో డిగ్రీ చేసిందని, గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ మధ్యాహ్నాలు ఇక్కడ పనిచేస్తోందని తరువాత తెలిసింది.

బైండింగు గురించి కొంచెం వివరంగా రాయడం అవసరం, ఎందుకంటే పరిశోధకులలో చాలామంది ఈ విషయంలోనే మోసపోతారు. సిద్ధాంత గ్రంథాన్ని కాగితానికి ఒకవైపే ప్రింటు తీసి విడి షీట్లుగా ఇస్తాం. విడి షీట్లకు పుస్తకాలలాగా మడత మధ్యలో కుట్టు వేయడం కుదరదు. వెన్నుకు వేడి జిగురు పూసి అట్ట అతికించడం ఒక పద్ధతి. దబ్బనంతో ఎడమ అంచున రంధ్రాలు చేసి దారంతో కుట్టి, ఆపైన అట్ట కట్టడం రెండో పద్ధతి. మొదటిది గంటలో అయిపోతుంది, కాని కొన్ని వేసవులు గడిచేసరికి జిగురు పెళుసుబారి పేజీలు ఊడటం మొదలవుతుంది. రెండోదానికి రోజున్నర పడుతుంది. ఎడమవైపు ఒకటిన్నర అంగుళాల మార్జిన్ వదలమని నియమం ఎందుకు పెట్టారో నాకు ఇక్కడే అర్థమైంది: కుట్టు దాదాపు అర అంగుళం తినేస్తుంది, మిగిలినది పుస్తకం తెరిచినప్పుడు లోపలి అక్షరం వెన్నులోకి జారకుండా కాపాడుతుంది.

విశాఖలో సముద్రపు తేమ ఇంకొక శత్రువు. మైదా పేస్టుతో అతికించిన అట్టను ఆరకముందే బయటికి ఇస్తే వారంలో అది పడవలా వంగిపోతుంది. వీరు ప్రతి కాపీనీ రాత్రంతా ప్రెస్సులో బిగించి ఉంచుతారు. పురుగు పట్టకుండా పేస్టులో మైలుతుత్తం కలుపుతారు. 85 జీఎస్ఎం (చదరపు మీటరుకు 85 గ్రాముల) బాండ్ పేపరు వాడితే ఒక్కో ఏ4 షీటు బరువు సుమారు 5.3 గ్రాములు, అంటే నా 312 షీట్లు అట్ట లేకుండానే కిలోన్నర దాటుతాయి. అంత బరువును జిగురు ఒక్కటే ఎంతకాలం మోయగలదని ఆయన అడిగినప్పుడు, రోజున్నర ఆగడానికి సంతోషంగా ఒప్పుకున్నాను.

రెక్సిన్ మీద బంగారు అక్షరాలు వేసే పద్ధతి చూడదగినది. ఇంగ్లీషు శీర్షికకు ఇత్తడి అక్షరాలను పేర్చి, వేడి చేసి, ఫాయిలు మీద నొక్కుతారు. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు ఉన్నాయి కాబట్టి శీర్షిక మొత్తానికి ప్రత్యేకంగా బ్లాకు చేయిస్తారు. అసలు అట్ట మీద వేయడానికి ముందు ఒక రెక్సిన్ ముక్క మీద నొక్కి చూసి, తప్పులుంటే చెప్పమని మన చేతికి ఇస్తారు. అలా నొక్కి చూసిన ముక్కలను యజమాని పారేయరు. పాత లెక్కల పుస్తకాలలో వరుసగా అంటించి, పక్కన తేదీ వేసుకుంటారు. ఇప్పటికి అలాంటివి ఏడు పుస్తకాలు నిండాయి. ప్రెస్సులో నా కాపీలు ఆరుతున్న సాయంత్రం వాటిని చూస్తూ కూర్చున్నాను.

1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు కొండ మీదికి తరలివచ్చిన ఒక విశ్వవిద్యాలయం ఏం చేస్తుందో వార్షిక నివేదికల కన్నా ఆ ముక్కలు నాకు బాగా చెప్పాయి. ముదురు నీలం రెక్సిన్ మీద అణుభౌతిక శాస్త్రం, దాని కిందే ఆకుపచ్చ మీద ఏజెన్సీ గ్రామాల భూమి తగాదాలు, ఆ పక్కన మెరూన్ మీద రొయ్యల చెరువుల్లో వ్యాధులు ఉన్నాయి. ఒక్కొక్క ముక్క మీద వేలు పెట్టి, ఆ మనిషి ఇప్పుడేం చేస్తున్నారో యజమాని పేరు ఎత్తకుండా చెప్పుకుంటూ పోయారు. రసాయన శాస్త్రం చేసినవారిలో ముగ్గురు పరవాడ ఫార్మా సిటీలో ఉన్నారు. అణుభౌతికం చేసినాయన గాజువాకలో ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నారు. తత్త్వశాస్త్రంలో పట్టా పొందిన ఒకరు తండ్రి పోయాక అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చూసుకుంటున్నారు, అయినా మార్కెట్టు సెలవు రోజున వచ్చి గ్రంథాలయంలో కూర్చుంటారు. సముద్ర జీవశాస్త్రం చేసిన ఒకామె పెళ్ళయి అమెరికా వెళ్ళి, పదకొండేళ్ళ తరువాత మళ్ళీ ఒక పరిశోధనశాలలో అడుగు పెట్టింది. అక్కడ ఆమెను సిద్ధాంత గ్రంథం చూపించమన్నారట. వీరు తమ దగ్గర ఉన్న ఫైలు నుంచి ఒక కాపీ తీసి, బైండు చేసి పోస్టులో పంపారు.

ఈ కథలు విన్నప్పుడు కొందరు చదువు వృథా అయిందని నిట్టూరుస్తారు. నాకు అలా అనిపించలేదు. ఈ కొండ మీద చదివినవారి జీవితాలు తిన్నని దారిలో నడిచిన సందర్భాలు మొదటి నుంచీ తక్కువే. కలియంపూడి రాధాకృష్ణారావు గారు ఇక్కడ గణితంలో ఎం.ఏ. చేసి, సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ భారతీయ గణాంక సంస్థ సంగతి తెలుసుకుని శిక్షణలో చేరారు. ఉన్న సమాచారంతో ఒక అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో హద్దు గీసిన ఆయన పత్రం 1945లో వచ్చింది. ఆ హద్దుకు క్రామర్-రావు అనే పేరు స్థిరపడింది. 2023లో, 102 ఏళ్ళ వయసులో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి దక్కింది. ఇంకొక దారి స్వామి జ్ఞానానంద గారిది. ఆయన సన్యాసి అయిన తరువాత ఐరోపా వెళ్ళి భౌతికశాస్త్రంలో పరిశోధన చేసి, తిరిగి వచ్చి వాల్తేరులో అణుభౌతిక పరిశోధనకు పునాది వేశారు. అటువంటి చోట తత్త్వశాస్త్రం చదివిన మనిషి బెల్లం దిమ్మల మధ్య కూర్చోవడం వింత ఏమీ కాదు.

ఆ పుస్తకాలలో ఒక సముద్ర భూగర్భశాస్త్ర శీర్షిక దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 1950ల్లో అమెరికా నుంచి వచ్చిన సముద్ర శాస్త్రజ్ఞుడు లా ఫాండ్ ఇక్కడివారితో కలిసి మన తీరానికి ఎదురుగా సముద్రం అడుగున ఉన్న లోయలను పరిశీలించారు. ఆ లోయలకు ఆంధ్ర, కృష్ణ, మహదేవన్ అనే పేర్లు వచ్చాయి: ఒకటి విశ్వవిద్యాలయం పేరు, ఒకటి ఉపకులపతి వి.ఎస్. కృష్ణ గారి పేరు, ఇంకొకటి భూగర్భశాస్త్ర ఆచార్యులు సి. మహదేవన్ గారి పేరు. పటంలో చేరిన ఆ పేర్లను తీరం మీది సరంగులలో ఒక్కరి నోటా నేను వినలేదు. సరంగులు వాడే పేర్లు ఏ పటంలోనూ లేవు. నా గ్రంథం చేసిన పని ఆ రెండో రకం పేర్లను కాగితం మీదికి తేవడమేనని అప్పుడు స్పష్టంగా తోచింది. యజమాని ప్రశ్నకు జవాబు కూడా అక్కడే దొరికింది.

ఈ దుకాణాన్ని నేను గౌరవించడానికి మరొక కారణం ఉంది. నేను అక్కడ ఉన్న రోజుల్లోనే ఒక యువకుడు వచ్చి, పూర్వ పరిశోధనల సమీక్ష అధ్యాయం 'తయారుగా' దొరుకుతుందా అని నెమ్మదిగా అడిగాడు. అడిగినంత ఇస్తానన్నాడు. "మేము అచ్చు వేస్తాం బాబూ, రాయం" అని యజమాని చెప్పి, అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలికలు 10 శాతం దాటితే గ్రంథం సవరించి మళ్ళీ ఇవ్వాలని, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుందని అతనికి ఓపికగా వివరించారు. తన గైడుకు నిజం చెప్పి గడువు పెంచమని అడగమన్నారు. ఆ పిల్లవాడు భయంతో వచ్చాడే గాని దురుద్దేశంతో రాలేదని నాకు అనిపించింది. అలాంటివారికి అధ్యాయాలు అమ్మే చోట్లు ఉన్నాయి. ఇది వాటిలో ఒకటి కాదని మాత్రం పూచీ పడగలను.

లోపాలు చెప్పకపోతే ఇది సమీక్ష కాదు. మంగళవారం ఇస్తామన్న కాపీలు శుక్రవారం సాయంత్రానికి వచ్చాయి. ఆ మూడు రోజులు నేను పడిన ఆందోళన చిన్నది కాదు, ఎందుకంటే సమర్పణకు నాకు మిగిలినవి అయిదు రోజులే. ఐదు కాపీలలో ఒకదాంట్లో 187వ పేజీ తలకిందులుగా కుట్టారు. ఇంటికి వెళ్ళి రాత్రి పేజీలు లెక్కపెట్టుకుంటుంటే అది కనబడింది. మరునాడు తీసుకెళితే వాదించకుండా కుట్టు విప్పి, కొత్త అట్టతో ఉచితంగా బైండు చేసి ఇచ్చారు, కాని ఆ తప్పు వారి కంట ముందే పడవలసింది. అడిగితే తప్ప రసీదు ఇవ్వరు. ధరలు గోడ మీద రాసి ఉండవు, కాబట్టి మొదటిసారి వెళ్ళినవారు పని మొదలుకాకముందే మొత్తం కాగితం మీద రాయించుకోవడం మంచిది. అందరి పెన్‌డ్రైవులూ ఒకే కంప్యూటరులో పెడతారు. ఇది నాకు బొత్తిగా నచ్చలేదు. ఫైలును ఈమెయిలులో పంపించి, పెన్‌డ్రైవును ఇంట్లోనే ఉంచుకోవడం క్షేమం. పై అంతస్తుకు వెళ్ళే మెట్లు దుకాణం లోపలి నుంచే ఉండటం వల్ల కూర్చోవడానికి చోటు చాలా తక్కువ.

ఖర్చు విషయానికి వస్తే, నలుపు-తెలుపు పేజీకి మూడు రూపాయలు, కలర్ పేజీకి పది రూపాయలు, కుట్టు బైండింగు, బంగారు అక్షరాలతో కలిపి కాపీకి 450 రూపాయలు తీసుకున్నారు. తెలుగు బ్లాకుకు వేరుగా ఇచ్చాను. వలల బొమ్మలు, తీరపు పటాలతో నాకు 26 కలర్ పేజీలు ఉండటం వల్ల ఐదు కాపీలకు ప్రింటు, బైండింగు కలిపి ఎనిమిది వేలకు కొంచెం తక్కువ అయింది. చుట్టుపక్కల ఇంతకన్నా చవకగా చేసేవారు ఉన్నారు. నెలకు 37,000 రూపాయల జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉన్నవారికి ఇది పెద్ద భారం కాకపోవచ్చు, కాని ఫెలోషిప్ లేనివారే మన దగ్గర ఎక్కువగా కనిపిస్తారు. అలాంటివారికి నా సలహా ఒక్కటే: పరీక్షకులకు వెళ్ళే కాపీలకు మామూలు బైండింగు చేయించినా, గ్రంథాలయంలో మిగిలే కాపీకి మాత్రం కుట్టు తప్పనిసరిగా వేయించండి.

మౌఖిక పరీక్ష ముగిసిన వారం తరువాత మళ్ళీ వెళ్ళి, ఆయన మొదటి ప్రశ్నకు నా జవాబు చెప్పాను. ఈ మాటలు ఇచ్చినవారు చదవాలన్నాను. అయితే మొత్తం గ్రంథం వారికి అక్కరలేదని, పదకోశం అధ్యాయాన్ని మాత్రం పెద్ద అక్షరాలలో చిన్న పుస్తకంగా వేద్దామని ఆయనే సూచించారు. ఏ4 షీట్లు 12 తీసుకుని మధ్యకు మడిచి పిన్నులు కొడితే 48 పేజీల పుస్తకం అవుతుంది. అమ్మాయి అక్షరాన్ని 14 పాయింట్లకు పెంచి, ప్రతి వల పేరు పక్కనా దాని బొమ్మ వచ్చేలా కూర్చింది. ప్రతికి 40 రూపాయల చొప్పున 30 ప్రతులు వేయించాను.

వాటిని పెదజాలరిపేటలో పంచినప్పుడు, నాకు ఎక్కువ పదాలు చెప్పిన పెద్దాయనకు చూపు ఆనక, మనవరాలి చేత చదివించుకున్నారు. పదకొండో పేజీలో ఒక బెండు పేరు తప్పు పడిందని, దాన్ని వాళ్ళ వీధిలో అలా అనరని చెప్పి దిద్దించారు. ఆ దిద్దుబాటుతో రెండో విడత 50 ప్రతులకు ఈ నెలలోనే దుకాణంలో చెప్పి వచ్చాను. ఈసారి అట్టకు లామినేషన్ వేయమన్నాను, ఎందుకంటే తడి చేతులతో తిప్పిన మొదటి ప్రతుల అట్టలు అప్పుడే మెత్తబడిపోయాయి.